మెతుకు పట్టి దేశాన్ని కొలిచినవాడు: మహలనోబిస్‌ను వరించిన ఫెలోషిప్‌ల వెనుక కథ

జంషెడ్‌పూర్: కొలిమిలో ఉక్కు సిద్ధమైందో లేదో తెలుసుకోవడానికి అందులోని లోహాన్నంతా పరీక్షించరు. కొద్దిపాటి నమూనా తీసి, చల్లార్చి, ప్రయోగశాలకు పంపుతారు. కర్బనం ఎంత, మాంగనీస్ ఎంత, గంధకం ఎంత అన్న లెక్క కొద్ది సేపట్లో తిరిగి వస్తుంది. ఆ చిన్న ముక్క చెప్పిన మాట మీదే టన్నుల కొద్దీ లోహం భవితవ్యం తేలుతుంది. మన ఇళ్లలో అన్నం ఉడికిందో లేదో తెలియడానికి మెతుకు పట్టి చూడటం కూడా ఇలాంటి పనే.

అయితే కుండకు, కొలిమికి ఉన్న సౌలభ్యం దేశానికి లేదు. కుండలో అన్నం ఇంచుమించు ఒకే తీరున ఉడుకుతుంది. దేశంలో ఏ రెండు పొలాలూ ఒకే తీరున పండవు, ఏ రెండు కుటుంబాలూ ఒకే తీరున తినవు. అలాంటప్పుడు ఏ మెతుకు పట్టుకోవాలి? ఎన్ని పట్టుకోవాలి? పట్టుకొని చూసినవాడు చెప్పేది నిజమేనని ఎలా నమ్మాలి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వెతకడంలో జీవితంలో అధిక భాగం గడిపిన శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన జయంతి అయిన జూన్ 29ని 2007 నుంచి దేశమంతటా జాతీయ గణాంక దినోత్సవంగా పాటిస్తున్నారు.

లండన్ రాయల్ సొసైటీ 1945లో ఆయనను ఫెలోగా ఎన్నుకొంది. ఎకనామెట్రిక్ సొసైటీ 1951లో, అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 1961లో ఆయనకు ఫెలోషిప్ ఇచ్చాయి. ఈ రెండింటికీ మధ్య, 1954లో, రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆయనను గౌరవ ఫెలోగా స్వీకరించింది. భౌతికశాస్త్రం బోధించే ఒక కళాశాల అధ్యాపకుడు ఈ గౌరవాలన్నిటికీ అర్హుడైన తీరు భారతదేశంలో గణాంక శాస్త్రం పుట్టి పెరిగిన తీరు కూడా.

ఫెలో అంటే ఎవరు

ఫెలోషిప్ అన్న మాట మనకు ఎక్కువగా పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి అన్న అర్థంలోనే వినిపిస్తుంది. వృత్తి సంఘాల ఫెలోషిప్ వేరు. అందులో డబ్బు ఉండదు. ఒక రంగంలో పనిచేసేవారు, తమలో ఒకరి కృషి ఆ రంగాన్ని ముందుకు నడిపిందని గుర్తించి ఇచ్చే హోదా అది. 1839లో ఏర్పడిన అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఏ సంవత్సరంలోనైనా తన సభ్యుల్లో ఒక శాతంలో మూడో వంతుకు మించి ఫెలోలను ఎంపిక చేయదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురికి కాస్త ఎక్కువ. ఎకనామెట్రిక్ సొసైటీలో ఉన్న ఫెలోలే ఓటు వేసి కొత్త ఫెలోలను ఎన్నుకొంటారు.

1834లో లండన్‌లో మొదలైన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పద్ధతి ఇంకొంచెం భిన్నం. అక్కడ సాధారణ సభ్యులను సైతం ఫెలోలనే పిలుస్తారు. కాబట్టి ఆ సంఘం గౌరవ ఫెలోగా స్వీకరించడమే అసలైన గుర్తింపు. సైనిక ఆసుపత్రుల్లో మరణాల లెక్కలు పట్టి సంస్కరణలకు బాట వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో ఆ సంఘంలో చేరిన తొలి మహిళ. లెక్కను ప్రాణాలు కాపాడే సాధనంగా చూసే సంప్రదాయం అక్కడ మొదటి నుంచీ ఉంది.

రైలు తప్పిన యువకుడు

మహలనోబిస్ 1893 జూన్ 29న కోల్‌కతాలో జన్మించారు. తాత గురుచరణ్ ఢాకా సమీపంలోని బిక్రమ్‌పూర్ నుంచి 1854లో ఆ నగరానికి వలస వచ్చి, బ్రహ్మ సమాజంలో చేరి, సమకాలీనుల వ్యతిరేకతను లెక్కచేయక వితంతువును వివాహమాడారు. సంస్కరణ భావాలు నిండిన ఆ ఇంట్లో పెరిగిన ప్రశాంత చంద్ర బ్రహ్మ బాలుర పాఠశాలలో చదివి, ప్రెసిడెన్సీ కళాశాల నుంచి 1912లో భౌతికశాస్త్రంలో పట్టా పొందారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే అక్కడ ఆయనకు గురువులు.

1913లో పై చదువులకు ఇంగ్లండ్ వెళ్లారు. లండన్‌లో చేరాలన్నది అసలు ఉద్దేశం. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లి, తిరుగు రైలు తప్పిపోయి, మిత్రుడి వద్ద ఉండిపోయారు. కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరం ఆయన మనసు దోచుకొంది. మర్నాడే దరఖాస్తు చేసి ఆ కళాశాలలో చేరిపోయారు.

ఆ రోజుల్లోనే శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జి చేరుకొన్నారు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. చలికి తట్టుకోలేక కోటు వేసుకొని, శాలువా కప్పుకొని పడుకొంటున్న రామానుజన్‌కు, మంచం మీద నీటుగా పరిచిన దుప్పట్ల కిందికి దూరి పడుకోవాలని చూపించింది మహలనోబిస్సే. పత్రికలో వచ్చిన ఒక లెక్కల పొడుపుకథకు తాను తంటాలు పడి ఒక్క జవాబు సాధిస్తే, వంట చేసుకొంటూనే రామానుజన్ అలాంటి జవాబులన్నిటినీ ఇచ్చే సూత్రాన్ని చెప్పిన సంగతిని ఆయన తర్వాత ఎందరికో వివరించేవారు. రామానుజన్ 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. మహలనోబిస్ ఆ సంఘంలో అడుగుపెట్టడానికి మరో 27 సంవత్సరాలు పట్టింది.

ఓడలో తెరిచిన సంపుటాలు

1915లో భౌతికశాస్త్రంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడైన మహలనోబిస్, కావెండిష్ ప్రయోగశాలలో పరిశోధన మొదలుపెట్టే ముందు కొద్ది రోజులు ఇంటికి వచ్చి వెళ్లాలనుకొన్నారు. యుద్ధం కారణంగా ఓడ ఆలస్యమైంది. ఆ విరామంలో కళాశాల గ్రంథాలయంలో ట్యూటర్ మెకాలే ఆయనకు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను చూపించారు. జీవశాస్త్రానికి గణాంకాలను జోడించే ఆ పత్రిక అప్పటిదాకా ఆయనకు పరిచయం లేదు. సంపుటాలన్నీ కొని ఓడలోకి ఎక్కించుకొన్నారు. ప్రయాణమంతా అవే చదివారు.

సెలవుకు వచ్చిన మనిషి ఇక తిరిగి వెళ్లలేదు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరి, మూడు దశాబ్దాలు అక్కడే పనిచేశారు. భౌతికశాస్త్రం ఆయన ఉద్యోగం, గణాంక శాస్త్రం ఆయన వ్యసనం. 1917లో తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ కోరిక మేరకు కలకత్తా విశ్వవిద్యాలయ పరీక్షా ఫలితాలను విశ్లేషించారు. 1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్ సమావేశంలో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అన్నండేల్ ఆయనను కలిశారు. తాను సేకరించిన ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను విశ్లేషించమని కోరారు. ఆ పని నుంచి 1922లో తొలి పరిశోధనా పత్రం వెలువడింది.

రెండు జనసమూహాల మధ్య పోలిక ఎంత, తేడా ఎంత అన్న ప్రశ్న ఆ కొలతల నుంచే మొలకెత్తింది. ఎత్తును, తల చుట్టుకొలతను, ముక్కు పొడవును విడివిడిగా పోలిస్తే సరిపోదు. పొడవైన మనిషికి చేతులూ పొడవుగానే ఉంటాయి. రెండింటినీ వేర్వేరు తేడాలుగా లెక్కిస్తే ఒకే సంగతిని రెండుసార్లు కూడినట్టవుతుంది. ఈ కొలతలు ఒకదానితో ఒకటి ఎంతగా ముడిపడి ఉన్నాయో గమనించి, ఆ మేరకు సవరించి, మొత్తం తేడాను ఒకే అంకెగా తేల్చే పద్ధతిని ఆయన రూపొందించారు. దాని పూర్తి స్వరూపం 1936లో ప్రచురితమైంది. డీ-స్క్వేర్ అని ఆయన పిలిచిన ఆ కొలమానం నేడు ప్రపంచమంతటా మహలనోబిస్ దూరం పేరుతో స్థిరపడింది. కంప్యూటర్‌తో బొమ్మలను గుర్తించడం మొదలు యంత్రాల్లో లోపాలను పసిగట్టడం దాకా ఎన్నో పనులకు దాన్ని వాడుతున్నారు.

1922 నుంచి 1926 వరకు ఆయన అలీపూర్ వాతావరణ కేంద్రం బాధ్యతలు కూడా చూశారు. 1926లో ఒడిశాలో బ్రాహ్మణి నదికి భారీ వరద వచ్చింది. నది అడుగు పూడి ఎత్తు పెరిగిందని, గట్లు పెంచడమే మార్గమని ఇంజినీర్లు భావించారు. మహలనోబిస్ సుమారు 60 సంవత్సరాల వర్షపాతం, వరదల లెక్కలు ముందేసుకొని నది అడుగు పెరగలేదని తేల్చారు. ఎగువన కురిసిన అసాధారణ వర్షమే కారణమని, పరిష్కారం ఎగువన ఆనకట్టలు కట్టడమేనని సూచించారు. ఒడిశా నదులపై ఆయన వేసిన లెక్కలు తర్వాతి కాలంలో మహానదిపై హీరాకుడ్ ప్రాజెక్టు ఆలోచనకు ఆధారాల్లో ఒకటయ్యాయి.

238 రూపాయలతో మొదలైన సంస్థ

ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఆయన గదిలో ఒక మూల గణాంక ప్రయోగశాలగా మారింది. 1931 డిసెంబరు 17న జరిగిన సమావేశంలో భారత గణాంక సంస్థను, అంటే ఇప్పటి ఐఎస్‌ఐని, స్థాపించాలని నిర్ణయించారు. 1932 ఏప్రిల్ 28న అది రిజిస్టర్ అయింది. తొలి సంవత్సరం ఖర్చు 238 రూపాయలు. మరుసటి సంవత్సరమే సాంఖ్య అనే పరిశోధన పత్రికను ప్రారంభించారు. ఆ సంస్కృత పదానికి సంఖ్య అన్న అర్థంతో పాటు సమ్యక్ జ్ఞానం అన్న అర్థం కూడా ఉంది. రెండూ కలిసి రావడం మహలనోబిస్‌కు నచ్చింది. దీర్ఘకాలం విశ్వభారతి కార్యదర్శిగా రవీంద్రనాథ్ ఠాగూర్‌కు సన్నిహితంగా మెలిగిన ఆయనకు, మాటల ఎంపిక మీద శ్రద్ధ ఉండటంలో ఆశ్చర్యం లేదు.

అప్పటికి దేశంలో గణాంక శాస్త్రానికి ప్రత్యేక శాస్త్రంగా గుర్తింపు లేదు. సైన్స్ కాంగ్రెస్‌లో దానికో విభాగం కేటాయించమంటే ఏళ్ల తరబడి అంగీకారం లభించలేదు. దాంతో 1938 జనవరిలో కోల్‌కతాలో తొలి భారత గణాంక సదస్సును మహలనోబిస్ విడిగా ఏర్పాటు చేసి, ఆ రంగంలో ప్రపంచ ప్రసిద్ధుడైన రోనాల్డ్ ఫిషర్‌ను అధ్యక్షత వహించడానికి ఇంగ్లండ్ నుంచి రప్పించారు. 1942లో గణితంతో కలిపి ఉమ్మడి విభాగం దొరికింది. విడి విభాగం దక్కింది 1945లో. ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయిన సంవత్సరమూ అదే.

జనపనార పొలాల్లో పరీక్ష

ఈ గుర్తింపులకు మూలమైన పని గదుల్లో కాదు, బెంగాల్ పల్లెల్లో జరిగింది. 1937లో భారత కేంద్ర జనపనార సంఘం తరఫున ఆ పంట విస్తీర్ణాన్ని నమూనా పద్ధతిలో అంచనా కట్టే పని మొదలైంది. రైత్వారీ విధానం ఉన్న మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల్లో ఊరి కరణం అడంగల్ రాసేవాడు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో అందులో ఉండేది. శాశ్వత శిస్తు విధానం అమలైన బెంగాల్‌లో అలాంటి యంత్రాంగం లేదు. పదహారణాల పంటలో ఈసారి ఎన్ని అణాలు పండిందని ఊళ్లలో అడిగి, కంటి అంచనా మీద లెక్క కట్టేవారు. వ్యాపారుల ధరలు, రైతుల రాబడి, ప్రభుత్వ నిర్ణయాలు ఆ అణాల లెక్క మీదే ఆధారపడేవి.

మహలనోబిస్ చిన్న ప్రయోగంతో మొదలుపెట్టి, ఏటేటా విస్తరించి, 1941 నాటికి రాష్ట్రమంతటికీ సర్వేను తీసుకెళ్లారు. పటం మీద యాదృచ్ఛికంగా చిన్న చిన్న తునకలను ఎంపిక చేసి, అక్కడికే మనుషులను పంపేవారు. ఎవరికి నచ్చిన పొలాన్ని వారు చూసి వస్తే కుదరదు. తునక ఎంత పెద్దదిగా ఉండాలి, ఎన్ని తునకలు తీసుకోవాలి అన్నవాటిని ఖర్చుకు, కచ్చితత్వానికి మధ్య తూకం వేసి నిర్ణయించేవారు. నడకకు పట్టే సమయం, పొలం గుర్తించడానికి పట్టే సమయం కూడా లెక్కలోకి వచ్చేవి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మూడో ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం. ఒకే ప్రాంతానికి రెండు వేర్వేరు నమూనాలు తీసి, రెండు వేర్వేరు బృందాలకు అప్పగించారు. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. రెండు అంచనాలు దగ్గరగా వస్తే నమ్మవచ్చు. దూరంగా వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. ఇంట్లో కూర్చొని ఫారాలు నింపే అవకాశం ఉన్న చోట, మనుషుల మీద అనుమానం వ్యక్తం చేయకుండానే అనుమానం తీర్చుకొనే ఉపాయం అది. సర్వే చేసేవాడు తన పనిలోని తప్పును తానే బయటపెట్టుకొనే ఏర్పాటు కావడం అందులోని కొత్తదనం.

అదే కాలంలో పొలం పొలమూ తిరిగి పంటను లెక్కించే పూర్తి గణన కూడా ప్రభుత్వం చేపట్టింది. నమూనా సర్వేకు అయిన ఖర్చు దాని ఖర్చులో సుమారు పదో వంతు. తర్వాత వ్యాపార, కస్టమ్స్ లెక్కలతో సరిచూస్తే, పొలాలన్నీ తిరిగి వేసిన లెక్క కన్నా కొన్ని తునకలు చూసి వేసిన అంచనాయే నిజానికి దగ్గరగా తేలింది. వేలాది మందికి తొందరగా పని నేర్పి పంపితే దొర్లే పొరపాట్లు, కొద్ది మందికి బాగా నేర్పి పంపితే దొర్లవన్న సంగతి రుజువైంది.

ఈ అనుభవాన్నంతా క్రోడీకరించిన సుదీర్ఘ పత్రం 1944లో రాయల్ సొసైటీ తత్త్వశాస్త్ర వ్యవహారాల పత్రికలో అచ్చయింది. అదే సంవత్సరం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనకు వెల్డన్ స్మారక బహుమతి ఇచ్చింది. మరుసటి సంవత్సరం ఫెలోషిప్ వచ్చింది. 1946లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఆయన మరో పత్రం ప్రచురించారు. తమ సంస్థ నమూనా ప్రయోగాలను అందులో ప్రపంచం ముందు ఉంచారు.

ఈ మధ్యలోనే బెంగాల్ 1943 కరవు వచ్చింది. లక్షల మంది మరణించారు. పంట ఎంత, నిల్వ ఎంత, లోటు ఎంత అన్న ప్రశ్నలకు నమ్మదగ్గ జవాబులు లేకపోవడం వల్ల ఏమవుతుందో ఆ కరవు చూపింది. మహలనోబిస్ బృందం పల్లెల్లో కుటుంబాలను సర్వే చేసి, కరవు తర్వాత ఎవరు భూమి అమ్ముకొన్నారు, ఎవరు పశువులను పోగొట్టుకొన్నారు, ఎవరు కూలీలుగా, యాచకులుగా మారారు అన్న వివరాలను సేకరించింది. అంకె తప్పితే ఎవరు నష్టపోతారో ఆ నివేదికలో కనిపిస్తుంది.

ఒప్పుకోని వారూ ఉన్నారు

గుర్తింపు వచ్చినంత మాత్రాన వాదాలు ఆగలేదు. పంట దిగుబడిని అంచనా వేయడానికి పొలంలో చిన్న వృత్తాన్ని గీసి అందులోని పంటను కోసి తూచే పద్ధతిని మహలనోబిస్ సమర్థించారు. భారత వ్యవసాయ పరిశోధన మండలిలో పనిచేసిన పాండురంగ సుఖాత్మే దానితో విభేదించారు. గీత అంచున ఉన్న మొక్కలను లోపలికే కలుపుకొనే ధోరణి కోత కోసేవారిలో ఉంటుందని, వృత్తం ఎంత చిన్నదైతే ఆ పొరపాటు అంత పెద్దదవుతుందని, దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుందని ఆయన ప్రయోగాలతో వాదించారు. దేశంలో పంటకోత ప్రయోగాలు ఎక్కువగా పెద్ద మడుల పద్ధతిలోనే సాగాయి. ఆ ఇద్దరి వాదం వల్ల తూకం గురించి దేశానికి తెలిసింది పెరిగిందే కాని తగ్గలేదు.

తెలుగు నేల నుంచి వెళ్లిన యువకుడు

మహలనోబిస్ నిర్మించిన సంస్థలో తెలుగువారికి ప్రత్యేక స్థానం ఉంది. నాటి మద్రాసు రాష్ట్రంలోని హడగళిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎంఏ పట్టా పొందారు. ఉద్యోగం వెతుక్కొంటూ కోల్‌కతా వెళ్లిన ఆ యువకుడు, అక్కడ గణాంక సంస్థలో శిక్షణ పొందుతున్న ఒకరి ద్వారా దాని గురించి విని, 1941 జనవరిలో చేరారు. అదే సంవత్సరం కలకత్తా విశ్వవిద్యాలయం మహలనోబిస్ చొరవతో దేశంలోనే తొలిసారిగా గణాంక శాస్త్రంలో ఎంఏ ప్రారంభించింది. రావు అందులో ప్రథమ శ్రేణిలో నెగ్గారు.

1945లో, అంటే గురువు రాయల్ సొసైటీలో ప్రవేశించిన సంవత్సరంలోనే, ఇరవై అయిదేళ్లు నిండీ నిండని శిష్యుడు ప్రచురించిన ఒక పత్రం క్రామెర్-రావు అసమానత పేరుతో నేటికీ పాఠ్యపుస్తకాల్లో నిలిచింది. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలను డీ-స్క్వేర్ పద్ధతిలో విశ్లేషించడానికి కేంబ్రిడ్జి మ్యూజియం మనిషిని పంపమని కోరితే, 1946లో మహలనోబిస్ రావును పంపారు. గురువు సృష్టించిన కొలమానంతో గురువు చదివిన ఊళ్లో శిష్యుడు పని చేశారు. 1967లో రావు కూడా రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు.

ఉక్కు లెక్క

స్వాతంత్ర్యం వచ్చాక దేశమే ఆయనకు ప్రయోగశాల అయింది. 1949లో కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారుగా నియమితులయ్యారు. జాతీయ ఆదాయ సంఘానికి అధ్యక్షత వహించారు. 1950 అక్టోబరులో జాతీయ నమూనా సర్వే తొలి విడత ప్రారంభమైంది. జనపనార పొలాల్లో నేర్చుకొన్న పద్ధతిని ఇప్పుడు దేశంలోని కుటుంబాలకు వర్తింపజేయాలి. అది తేలిక కాలేదు. భాషలు వేరు, కొలతలు వేరు. మన దగ్గరే ఒక జిల్లా పుట్టి మరో జిల్లా పుట్టి కాదు. ఒక ఇంటిలో నెలకు ఎంత తిన్నారో, ఎంత ఖర్చుపెట్టారో అడిగి రాసుకొని, వాటన్నిటినీ ఒకే తూకానికి తేవడం పెద్ద పని. దేశంలో పేదరికం మీద తర్వాత జరిగిన చర్చలన్నిటికీ ఆ సర్వేలే పునాది అయ్యాయి. ఐక్యరాజ్యసమితి నమూనా పద్ధతుల ఉపసంఘానికి 1947 నుంచి 1951 వరకు ఆయనే అధ్యక్షులు.

1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక మహలనోబిస్ పేరును ఇంటింటికీ చేర్చింది. యంత్రాలను తయారుచేసే యంత్రాలు దేశంలోనే తయారుకాకపోతే ఎదుగుదల వేగం అందుకోదన్నది ఆయన నమూనా సారాంశం. అందుకు మూలం ఉక్కు. జంషెడ్‌పూర్‌లో 1912లో తొలి ఉక్కు దిమ్మె వచ్చిన నాటి నుంచి దేశ అవసరాల్లో పెద్ద భాగాన్ని ఈ ఊరే తీర్చింది. ఇక్కడి కర్మాగారంలో పని కోసం వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. స్వాతంత్ర్యం నాటికి దేశమంతా కలిపి ఏటా తయారైన ఉక్కు పది లక్షల టన్నులకు అటూ ఇటూ మాత్రమే. రెండో ప్రణాళిక కాలంలో భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లలో ఒక్కొక్కటి పది లక్షల టన్నుల సామర్థ్యంతో ప్రభుత్వ కర్మాగారాలు వెలిశాయి. జంషెడ్‌పూర్ కర్మాగారం కూడా ఆ కాలంలోనే 20 లక్షల టన్నులకు విస్తరించింది.

ఈ నమూనాకూ విమర్శకులు తక్కువ కాదు. ఆర్థికవేత్త బి.ఆర్. షెణాయ్ 1955లోనే అసమ్మతి పత్రం సమర్పించారు. భారీ పరిశ్రమలకు ఇంత పెట్టుబడి మళ్లిస్తే ధరలు పెరుగుతాయని హెచ్చరించారు. ప్రజలు నిత్యం వాడే తిండి, బట్ట వంటి వస్తువులకు ప్రాధాన్యం తగ్గిందని సి.ఎన్. వకీల్, పి.ఆర్. బ్రహ్మానంద వాదించారు. ఆ చర్చ నేటికీ ముగియలేదు. అయితే ప్రణాళికల ఫలితం ఎవరికి చేరిందో తేల్చడానికి 1960లో ప్రభుత్వం వేసిన సంఘానికి కూడా మహలనోబిస్సే అధ్యక్షుడయ్యారు. ఆర్థిక శక్తి కొద్ది మంది చేతుల్లో పోగుపడుతోందని ఆ సంఘం 1964లో నివేదించింది. తాను గీసిన ప్రణాళికకు ప్రతికూలంగా కనిపించే లెక్కను కూడా ఆయన బయటపెట్టారు.

కర్మాగారంలోకి వచ్చిన గణాంకాలు

పొలాల్లో పనికివచ్చిన పద్ధతి పరిశ్రమల్లోనూ పనికివస్తుందని మహలనోబిస్ ముందే గ్రహించారు. తయారైన సరుకులో లోపాలను ఏరివేయడం కన్నా, తయారీ దారి తప్పుతున్నప్పుడే అంకెల ద్వారా పసిగట్టాలని బోధించిన అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ షూహార్ట్‌ను 1947-48లో భారతదేశానికి రప్పించారు. షూహార్ట్ పలు నగరాల్లో పరిశ్రమల వారితో మాట్లాడారు. 1950లలో గణాంక సంస్థ నాణ్యతా నియంత్రణ విభాగాలను నెలకొల్పింది. జపాన్ ఇంజినీరు గెనిచి తగుచి 1954-55లో ఆ సంస్థలో సందర్శక ఆచార్యుడిగా గడిపారు. యంత్రాల తీరును పరీక్షించడానికి మహలనోబిస్ దూరాన్ని వాడే ఒక పద్ధతి తర్వాత ఆ ఇద్దరి పేర్ల మీదే మహలనోబిస్-తగుచి విధానంగా ప్రసిద్ధమైంది.

షూహార్ట్ భావాలను జపాన్‌కు తీసుకెళ్లినవాడు ఎడ్వర్డ్స్ డెమింగ్. ఆయన పేరిట జపాన్‌లో ఇచ్చే నాణ్యతా బహుమతిని 2008లో టాటా స్టీల్ అందుకొంది. జపాన్ వెలుపలి సమీకృత ఉక్కు సంస్థల్లో ఆ బహుమతి పొందిన మొదటిది అదే. 2012లో డెమింగ్ గ్రాండ్ ప్రైజ్ కూడా దక్కింది. జంషెడ్‌పూర్ కొలిమి దగ్గర తీసే నమూనాకు, బెంగాల్ పొలాల్లో తీసిన నమూనాకు మూలసూత్రం ఒక్కటే.

చివరి రోజులు

1923లో నిర్మల కుమారితో జరిగిన వివాహం ఆయన జీవితానికి పెద్ద ఆసరా. బ్రహ్మ సమాజ విద్యార్థి విభాగపు నియమాలపై ప్రశాంత చంద్ర లేవనెత్తిన అభ్యంతరాలు నచ్చక, వధువు తండ్రి హేరంబ చంద్ర మైత్ర ఆ పెళ్లిని అంగీకరించలేదు. వరుడి మేనమామ, ప్రసిద్ధ వైద్యుడు నీలరతన్ సర్కార్ కన్యాదాత స్థానంలో నిలబడి పెళ్లి జరిపించారు. రాణిగా అందరికీ తెలిసిన ఆమె దాదాపు యాభై ఏళ్లు సంస్థ పనిలోనూ, ప్రయాణాల్లోనూ భర్తకు తోడుగా ఉన్నారు.

1959లో పార్లమెంటు చట్టం ద్వారా భారత గణాంక సంస్థ జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొంది, పట్టాలిచ్చే అధికారం సంపాదించుకొంది. అదే సంవత్సరం, ఒకనాడు రైలు తప్పి చేరిన కింగ్స్ కళాశాల ఆయనను గౌరవ ఫెలోగా స్వీకరించింది. 1968లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, కోల్‌కతాలో ఆయన మరణించారు. చివరి దాకా సంస్థ పనిలోనే ఉన్నారు.

కోల్‌కతాలోని బరానగర్‌లో ప్రధాన కార్యాలయంతో పాటు, జార్ఖండ్‌లోని గిరిడీలో కూడా ఆ సంస్థకు కేంద్రం ఉంది. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఇప్పటికీ విడతలు విడతలుగా సాగుతోంది. సర్వే సిబ్బంది ఎంపికైన ఇంటి తలుపు తట్టి, ఆ నెల బియ్యం ఎంత కొన్నారు, పప్పు ఎంత కొన్నారు, పిల్లల చదువుకు ఎంత అయింది అని అడిగి రాసుకొంటారు. పక్క ఇంటిని వదిలి తమ ఇంటికే ఎందుకు వచ్చారని అడిగే గృహిణికి వారు చెప్పవలసిన జవాబును మహలనోబిస్ 1937 నుంచి జనపనార పొలాల్లో సిద్ధం చేశారు.